ఏటికి డేటా కోటా

వరద పర్యవేక్షణ సర్కిల్ కార్యాలయంలో ఆవలించడం తప్పు కాదు. మధ్యాహ్నం భోజనాలయ్యాక అక్కడ అందరూ ఆవలిస్తారు. పర్యవేక్షక ఇంజనీరు, అంటే ఎస్.ఈ., మృత్యుంజయరావుగారు కూడా ఆవలిస్తారు. కాకపోతే ఆయనది సర్కిల్ స్థాయి ఆవలింత కాబట్టి కాస్త పెద్దదిగా ఉంటుంది. ఆ రోజు ఆయన రాజధానిలోని పెద్దలతో వీడియో సమావేశంలో ఉండగా ఆవలించారు. నోరు పూర్తిగా తెరుచుకున్న క్షణంలోనే ఇంటర్నెట్ ఆగిపోయింది. అవతల గోడంత తెర మీద, రాష్ట్రంలోని ఇంజనీర్లందరి ఎదుట, ఆ నోరు అలాగే నిలిచిపోయింది. "వరద ఏర్పాట్లు ఎంతవరకు వచ్చాయని అడిగితే ఈయన నోరు చూపిస్తాడేమిటి?" అని ఒక ఉన్నతాధికారి అన్నారని తర్వాత తెలిసింది.

మర్నాడు పొద్దున్నే సుదర్శనానికి పిలుపొచ్చింది. సుదర్శనం ఆ కార్యాలయంలో అసిస్టెంట్ ఇంజనీరు. న్యాయంగా అయితే ఏటిగట్ల మీద తిరగాల్సినవాడు. కాని ఒకప్పుడు ఎస్.ఈ.గారి ప్రింటర్లో ఇరుక్కున్న కాగితాన్ని రెండు వేళ్ళతో లాగి తీశాడు. ఆ పుణ్యాన అప్పటినుంచి కార్యాలయంలో కరెంటుతో నడిచేదేదైనా అతని బాధ్యతే అయింది.

"ఏమయ్యా, నా ఇంటర్నెట్టు ఎవడు తింటున్నాడు?" అన్నారు ఎస్.ఈ.గారు.

"తెలుసుకోవచ్చండి. మనకి ఫైర్‌వాల్ అని ఒక పెట్టె ఉందండి. లోపలికొచ్చేదైనా బయటికెళ్ళేదైనా దాన్ని దాటుకునే పోవాలండి. ఇక్కడున్న ప్రతి కంప్యూటరుకీ ఒక నెంబరుంటుందండి, అడ్రస్ అంటారు. ఏ అడ్రస్ ఎంత వాడుతోందో ఆ పెట్టె కొలిచి చెప్తుందండి."

అక్కడితో ఊరుకుంటే ఈ కథ ఉండేది కాదు. కాని సుదర్శనం ప్రమోషన్ ఫైలు ఎస్.ఈ.గారి బల్ల మీదే ఉంది. అటువైపు ఒకసారి చూసి, "కావాలంటే ఎవరికెంతని గిరిగీసి, దాటితే ఆపేస్తుంది కూడానండి" అని కలిపాడు.

మృత్యుంజయరావుగారి మొహం వెలిగింది. ఆయన సర్వీసు సగం పంట కాలవల మీద గడిచింది. "అంటే తూమేనయ్యా ఇది! తూముకి తలుపుండాలి. తలుపు దగ్గర మనముండాలి. ఇన్నాళ్ళూ ఎవడికి తోచినట్టు వాడు తోడుకుంటుంటే చూస్తూ కూర్చున్నామన్నమాట" అన్నారు.

సాయంత్రానికి సమావేశం పెట్టారు. దానికి ఎస్టాబ్లిష్‌మెంట్ సూపరింటెండెంట్ పరాంకుశంగారు వచ్చారు. జీతాలు, సెలవులు, శిక్షలు ఆయన చేతి మీదుగా నడుస్తాయి. సర్వీసు రూల్సు ఆయనకు కంఠతా వచ్చు. నెంబరున్న ప్రతిదానికీ ఒక కేడరుంటుందని, కేడరు లేనిది సృష్టిలో లేదని ఆయన నమ్మకం.

"అడ్రస్సుకి ఇంత అని సమానంగా పంచుదామండి" అన్నాడు సుదర్శనం.

పరాంకుశంగారు కళ్ళజోడు తీశారు. "సమానంగానా? సూపరింటెండింగ్ ఇంజనీరు వారి అడ్రస్సుకీ అటెండరు అడ్రస్సుకీ సమానంగా పంచితే ఇది కార్యాలయం అవుతుందా, పంక్తి భోజనం అవుతుందా? మూలవేతనాన్ని అనుసరించి డేటా మంజూరు చేయడమే సహజన్యాయం. ప్రతి అడ్రస్సుకీ హోదా, గది నెంబరు జతపరచాలి. ఇకమీదట అడ్రస్ అంటే ఉద్యోగే. అడ్రస్ చేసింది ఉద్యోగి చేసినట్టు, అడ్రస్ చేయనిది ఉద్యోగి చేయనట్టు."

ఈ సూత్రాన్ని ఎస్.ఈ.గారు ఎర్రసిరాతో రాసుకున్నారు. ఆ వారమంతా సుదర్శనం అడ్రసులు పంచడంతోనే సరిపోయింది. ఎస్.ఈ.గారికి అంకెలన్నీ కూడితే తొమ్మిది రావాలి. ఎనిమిది వచ్చే అడ్రస్ తీసుకోవడానికి ఎవరూ ఒప్పుకోలేదు, అది శని సంఖ్య. ఎకౌంట్స్ విభాగంవారైతే తమ అడ్రస్ దక్షిణ దిక్కు గదికి వెళ్ళకూడదని వినతిపత్రం ఇచ్చారు. పెద్ద అంకె సీనియరా, చిన్న అంకె సీనియరా అన్న గొడవ రెండు రోజులు నడిచి, పుట్టిన తేదీల దగ్గర రాజీపడింది.

చివరికి అందరూ వద్దన్న ఎనిమిది అడ్రస్ ఒకటి మిగిలింది. దాన్ని గేజికి ఇచ్చారు.

గేజి అంటే ఊరికి ఎగువన రేవులో, సిమెంటు దిమ్మ మీద బిగించిన యంత్రం. ఏటి నీటిమట్టం కొలుస్తుంది, ఫోటో తీస్తుంది. ఆ లెక్క సర్కిల్ కార్యాలయం ఫైర్‌వాల్ దాటి జిల్లా కంట్రోల్ రూముకి వెళుతుంది. నీరు ప్రమాదస్థాయి దాటిందని అక్కడ కనబడితేనే వెలగాయలంకలో మైకు మోగుతుంది, పడవలు కదులుతాయి. ఏటి నడుమ ఉన్న ఆ లంక నుంచి గట్టు చేరడానికి ఒక్కటే రోడ్డు. అది పల్లపు రోడ్డు, నీరు పెరిగితే అందరికంటే ముందు అదే మునుగుతుంది. మైకు వేళకి మోగితే మనుషులూ పశువులూ నడిచి గట్టెక్కుతారు, ఆలస్యమైతే పడవలే దిక్కు. పడవలో పశువులకు చోటుండదు.

ఈ సంగతి సుదర్శనానికి కాగితం మీద కంటే బాగా నూకరత్నం నోట తెలుసు. నూకరత్నం లంక మనిషి. భర్త పోయాక మూడు గేదెల మీద ఇల్లు నడుపుతోంది. ఆఫీసు టీకి పాలు ఆమే పోస్తుంది. గేజి బిగించిన ఏడాది, "ఇంక నువ్వు వరదొచ్చినప్పుడల్లా గట్టు మీద కాపలా కాయక్కర్లేదు. మైకు మోగేదాకా నిశ్చింతగా ఉండు, నాదీ పూచీ" అని సుదర్శనం ఆమెకు మాటిచ్చాడు. ఆ మాటను ఆమె గట్టిగా నమ్మింది.

"గేజికి ఎంత మంజూరు చేయమంటారండి?" అని తర్వాతి సమావేశంలో అడిగాడతను.

"దాని మూలవేతనమెంత?" అన్నారు పరాంకుశంగారు.

"యంత్రమండి. జీతముండదు."

"జీతం లేకుండా ఆరుబయట పనిచేసేదాన్ని దినకూలీ కింద లెక్కించడం ఆనవాయితీ. గత మూడు నెలల్లో ఎంత వాడింది?"

గత మూడు నెలలు ఎండాకాలం. ఏట్లో పిల్లలు క్రికెట్ ఆడుకున్నారు. గేజి పాపం పూటకోసారి "నీరు లేదు" అని చెప్పి ఊరుకుంది. ఫైర్‌వాల్ ఆ మాటనే కొలిచింది.

"నిర్ధారిత అవసరం అత్యల్పం. దినకూలీ కాబట్టి కోటా రోజువారీ" అని పరాంకుశంగారు రాయించారు. "వానాకాలంలో ఎక్కువ మాట్లాడుతుందండి" అని సుదర్శనం నసిగాడు. "వానాకాలం వచ్చాక వానాకాలం ప్రతిపాదన పంపండి" అన్నారాయన. ఎస్.ఈ.గారు సుదర్శనం వైపు చూసి, "పథకం మాత్రం నీదేనయ్యా, పైకి రాసేటప్పుడు నీ పేరు కూడా రాస్తాను" అన్నారు. సుదర్శనం నోరు మూసుకున్నాడు. మూసుకున్నందుకు అతనికి లోపల కాస్త సిగ్గేసింది, దాని వెనకే సంతోషమూ వేసింది.

రెండో నెలలో కొత్త ఉత్తర్వు వచ్చింది. మంజూరైన డేటా వాడనివారికి వచ్చే నెల కోత పడుతుంది. బడ్జెట్‌కి ఉన్న నియమమే కాబట్టి ఎవరూ ఆశ్చర్యపోలేదు. కాని దానితో కార్యాలయం కళే మారిపోయింది. టైపు తప్ప మరేమీ ఎరగని క్లర్కులు కూడా కోటా కాపాడుకోవడానికి పొద్దున్నే భక్తి ఛానల్ పెట్టి టీకి వెళ్ళేవారు. సెలవు పెట్టినవారి కంప్యూటర్లలో సీరియళ్ళు నడపడానికి ఇన్‌ఛార్జి వేశారు. ఎకౌంట్స్ విభాగం నెలాఖరున డేటా మిగిలిపోయిందని హడావిడిగా ఎక్కడో మంచుకొండల మీద ఎలుగుబంట్ల వీడియో ఒకటి పొద్దస్తమానం నడిపింది. నెల తిరిగేసరికి ఫైర్‌వాల్ నివేదికలో నూటికి నూరుపాళ్ళ వినియోగం కనబడింది. ఎస్.ఈ.గారు దానికి "తలసరి డేటా క్రమశిక్షణ" అని పేరు పెట్టి రాజధానికి పంపారు.

ఆషాఢం దాటింది. పైన ఎక్కడో వానలు పడ్డాయి, ఏటికి ఎర్రనీళ్ళొచ్చాయి. గేజి పూటకోసారి కాకుండా గంటకోసారి, తర్వాత ఇంకా తరచుగా లెక్కలూ ఫోటోలూ పంపసాగింది. అది దాని ధర్మం. మధ్యాహ్నానికే దాని కోటా అయిపోయింది, ఫైర్‌వాల్ దాని నోరు నొక్కేసింది. అదృష్టవశాత్తు ఆ నీరు చిన్నది, రోడ్డు దాకా రాకుండానే తగ్గిపోయింది. కాని నివేదికలో గేజి పేరు ఎర్రరంగులో వచ్చింది.

పరాంకుశంగారు మెమో తయారుచేశారు. "మంజూరైన పరిమితికి మించి, పై అధికారుల అనుమతి లేకుండా, పదే పదే ఒకే విషయాన్ని పంపుచూ కార్యాలయ డేటాను దుర్వినియోగం చేసియున్నారు. తమపై ఎందుకు చర్య తీసుకొనరాదో వారంలోగా సంజాయిషీ ఇవ్వవలెను."

"ఎవరికండీ ఇది?" అన్నాడు సుదర్శనం.

"అడ్రస్సుకి."

"అది ఇనుప పెట్టండి పరాంకుశంగారూ. ఎలా చదువుతుందండి?"

"చదవడం దాని బాధ్యత. అందజేయడం మన బాధ్యత. నేనీ సీట్లో చదవడం రానివాళ్ళకి కూడా మెమోలిచ్చాను."

గేజి సంతకం చేసి పుచ్చుకోలేదు కాబట్టి అటెండరు ఇద్దరు సాక్షుల ఎదుట మెమోని ఆ దిమ్మకి అంటించి ఫోటో తీసుకొచ్చాడు. వారం గడిచినా సంజాయిషీ రాలేదు. మొండితనం కింద పరిగణించి గేజిని సస్పెండ్ చేశారు. సస్పెన్షన్‌లో ఉన్న ఉద్యోగికి సగం జీతం జీవనభృతిగా ఇవ్వాలి కాబట్టి, ధర్మం తప్పకుండా దానికి సగం డేటా ఇచ్చారు. అది పొద్దున పలహారం వేళకే అయిపోయేది.

సుదర్శనం ఆ ఉత్తర్వు చూసి ఎస్.ఈ.గారి గదికి వెళ్ళాడు. చెప్పేద్దామనే వెళ్ళాడు. ఆయన రాజధాని ప్రయాణపు హుషారులో ఉన్నారు. రాష్ట్రస్థాయి సభలో డేటా క్రమశిక్షణ మీద ఉపన్యాసమట. "నీ ఫైలు కూడా పట్టుకెళ్తున్నానయ్యా. ఏదో చెప్పబోయావు?" అన్నారు. "శుభం కలగాలని చెబుదామనండి" అన్నాడు సుదర్శనం. గది బయటికొచ్చి తనను తానే తిట్టుకున్నాడు. కాని ఆ తిట్లు ఎవరికీ వినబడలేదు.

ఉపన్యాసం రోజునే పెద్దనీరు వచ్చింది.

పొద్దున పది దాటుతుండగా నూకరత్నం ఫోన్ చేసింది. వెనక గాలి హోరు వినబడుతోంది. "బాబుగారండీ, రోడ్డు మీద మోకాల్లోతొచ్చేసిందండి. పొద్దుటేల లేదండి. మైకేమీ సెప్పట్లేదని మేం ఊరుకున్నావండి. ఏంటండిది, నీళ్ళు పెరుగుతాయాండి, తగ్గుతాయాండి?"

సుదర్శనం కుర్చీలోంచి లేచిపోయాడు. "అందర్నీ గట్టెక్కమను. వెంటనే!" అని కేకేశాడు.

"ఎక్కడికెక్కుతావండీ మేం? ముసిలోళ్ళున్నారు, సంటిపిల్లలున్నారు. పడవలు పంపించండి బాబూ!"

కంట్రోల్ రూముకి ఫోన్ చేశాడు. అక్కడి ఆపరేటరు తాపీగా, "మా తెర మీద నీటిమట్టం నిలకడగా ఉందండి. పొద్దుట వచ్చిన లెక్కే ఇప్పటికీ చూపిస్తోంది" అన్నాడు. నేను చెబుతున్నాను, పెరిగింది అన్నాడు సుదర్శనం. "ఫోన్లో చెప్పిన నీరు మేం తీసుకోమండి. సిస్టంలో రావాలి. సిస్టంలో వస్తే పడవలు నిమిషంలో కదుల్తాయి" అని అతను ఫోన్ పెట్టేశాడు.

పరాంకుశంగారి దగ్గరికి పరిగెత్తాడు. "ఆ గేజి కోటా ఎత్తేస్తున్నానండి."

"ఎలా ఎత్తేస్తారు? అది సస్పెన్షన్‌లో ఉంది. విచారణ ముగిసేలోగా విధుల్లోకి తీసుకుంటే విచారణ అధికారిని అవమానించినట్టు. ఎస్.ఈ.గారి సంతకం కావాలి. లేకుండా చేశారంటే మీ ప్రమోషన్ సంగతి నాకు తెలీదు" అన్నారాయన. ఎస్.ఈ.గారి ఫోన్ ఆపేసి ఉంది. ఆయన వేదిక మీద ఉన్నారు.

సుదర్శనం వడివడిగా ఎస్.ఈ.గారి గదిలోకి వెళ్ళాడు. ఏసీ నడుస్తోంది. ఎవరూ లేరు. బల్ల మీది కంప్యూటరు మాత్రం ఆయన కోటాకు కోత పడకుండా, ఖాళీ కుర్చీకి ఆవకాయలో ఆవపిండి ఎంత వేయాలో శ్రద్ధగా చెబుతోంది. అతనికి ఒళ్ళు మండిపోయింది. ఎవరి మీదో అతనికే తెలియలేదు. ఎక్కువ భాగం తన మీదేనేమో. ఆవకాయను ఆపేశాడు. గేజి అడ్రస్ మార్చితే సస్పెన్షన్ ఉత్తర్వు ఉల్లంఘన కాదు, ఆ ఉత్తర్వు ఎనిమిది అడ్రస్ మీదే ఉంది. ఎస్.ఈ.గారి తొమ్మిది అడ్రస్ తీసి గేజికి తగిలించాడు.

కంట్రోల్ రూములో తెర ఒక్కసారి ఎర్రబడింది. హోదా, గది నెంబరుతో సహా వచ్చింది: పర్యవేక్షక ఇంజనీరు వారి చాంబర్, నీటిమట్టం ప్రమాదస్థాయి దాటింది. మళ్ళీ వచ్చింది, ఫోటోలతో. "ఎస్.ఈ.గారు స్వయంగా పంపుతున్నారండోయ్!" అని ఆపరేటరు లేచి నిలబడ్డాడు. ఏరు పొద్దుటినుంచి చెబుతుంటే ఎవరూ వినలేదు. ఎస్.ఈ.గారి పేరుతో చెప్పగానే మైకు మోగింది, పడవలు కదిలాయి, మంత్రిగారి కార్యాలయం నుంచి కూడా ఆరా తీశారు.

లంకలో మనుషులందరూ గట్టెక్కారు. పడవలోకి ఎక్కే ముందు నూకరత్నం గేదెల పలుపులు కోసి వదిలేసింది. అవి ఈదుకొస్తాయని ఆశ. మూడూ రాలేదు. దిమ్మకంటించిన మెమో కూడా మునిగిపోయింది.

నీరు తీశాక నష్టపరిహారం బృందం రావాల్సిన వేళ ఎస్.ఈ.గారు రాజధాని నుంచి శాలువాతో తిరిగొచ్చారు. ముందు తన ఆవకాయ ఎవరు ఆపారని మండిపడ్డారు. అంతలో పైనుంచి అభినందన వచ్చింది. రాజధానిలో వేదిక మీద ఉండి కూడా తన అడ్రస్ ద్వారా ఏటిని నిమిషనిమిషం కనిపెట్టిన కర్తవ్యదీక్షకు అది. ఆయన దాన్ని రెండుసార్లు చదువుకుని నెమ్మదించారు.

పరాంకుశంగారు రికార్డు తిరగేశారు. "పరిహారానికి వరద ఎక్కడ వచ్చిందో రుజువుండాలి. రేవు అడ్రస్ ఆ రోజు పలహారం వేళ నుంచి మౌనంగా ఉంది. అంటే రేవుకి వరద రాలేదు. రేవుకి రానిది లంకకు రాదు. ప్రమాదస్థాయి నమోదైంది తొమ్మిది అడ్రస్‌లో, అంటే ఎస్.ఈ.గారి చాంబర్‌లో. అడ్రస్‌కి జరిగింది ఆ గదికి జరిగినట్టే. ఇది మనమే ఆమోదించుకున్న సూత్రం."

"చాంబర్ మేడ మీదుందండి" అన్నాడు సుదర్శనం.

"అందువల్లనే ఇది అసాధారణ వరద. సుదర్శనంగారూ, మీకు రెండు దార్లున్నాయి. పై అధికారి అడ్రస్‌ను అక్రమంగా వేరొకరికి తగిలించానని ఒప్పుకుంటే సస్పెన్షన్. లేదా చాంబర్‌లో నీరు చూశానని పంచనామాలో సాక్షి సంతకం. ప్రమోషన్ ఉత్తర్వు టైపయి ఉంది."

సుదర్శనం కలం అందుకున్నాడు. ఇంటి అద్దె గుర్తొచ్చింది, ఎదురుచూస్తున్న భార్య గుర్తొచ్చింది, చివరికి ఇవన్నీ సాకులని కూడా గుర్తొచ్చింది. అయినా సంతకం పెట్టాడు.

వరద సహాయం కింద ఎస్.ఈ.గారి చాంబర్‌కి కొత్త తివాచీ, కొత్త సోఫాలు, కొత్త ఏసీ మంజూరయ్యాయి. సామాను దిగిన రోజునే నూకరత్నం వచ్చింది. పాలక్యాను లేకుండా ఆమె ఆఫీసుకు రావడం అదే మొదటిసారి. లంకకు వరద వచ్చినట్టు రికార్డులో లేదని పరాంకుశంగారు ఆమెకు సవివరంగా బోధించారు. ఆమె అంతా విని, తలుపు తీసి ఉన్న చాంబర్‌లోకి తొంగిచూసింది. లంకలో ప్రతి గోడ మీదా నీరు తీసిన బురద గీత ఇంకా ఆరలేదు. ఇక్కడ గోడలకు కొత్త సున్నం మెరుస్తోంది.

"ఏరు ఇక్కడికొచ్చిందాండీ?" అంది.

"రికార్డు ప్రకారం ఇక్కడికే వచ్చిందమ్మా" అన్నారు పరాంకుశంగారు.

ఆమె సుదర్శనం వైపు తిరిగింది. "తమరు సూసారాండి బాబూ?"

అతను నేల చూపులు చూశాడు. "చూశానని సంతకం పెట్టాను నూకరత్నం."

"అయితే మా గేదెలు ఇటే కొట్టుకొచ్చుంటాయండి" అంది ఆమె. గొంతులో కోపం లేదు. కొత్త తివాచీ మీద కాళ్ళు మడుచుకుని కూర్చుంది. "మూడండి. ఒకటి సూడిది. ఆ సోఫాల కింద ఓసారి సూసి సెప్పండి బాబుగారూ, నేనిక్కడే ఉంటాను."

సుదర్శనం మోకాళ్ళ మీద వంగి సోఫా కింద చూశాడు. ఆమె మొహంలోకి చూడటం కంటే అదే తేలికనిపించింది.